కమ్మరి కొలిమి నుంచి ఇరవై వేల చుట్ల దాకా
(సొయిచిరో హోండా జీవితం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక గొప్ప వ్యక్తి జీవితం వేయడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, మన మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు గురించి సీనియర్లు ఇదివరకే రాశారు. ఈసారి ఆ బాధ్యత మా బ్యాచ్‌కి అప్పగించారు. మేమంతా కూర్చుని ఆలోచించి, ఒక మెకానిక్ జీవితం రాద్దామని నిర్ణయించుకున్నాం. ఆయనది మన దేశం కాదు, మన భాష కాదు. అయినా బలిఘట్టంలో రోడ్డు పక్కన కాసేపు నిలబడితే ఆయన పేరు మన ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్తుందో లెక్క పెట్టలేం. పెట్రోలు ట్యాంకు మీద రాసి ఉంటుంది మరి.

ఎందుకు ఆయన్నే ఎంచుకున్నామో కూడా చెప్పాలి. మేము ఎప్పుడు హాస్టల్‌కి వచ్చినా తమ్ముళ్లు మా బళ్ల చుట్టూ చేరి అడిగే మొదటి ప్రశ్న, ఎంత స్పీడు వెళ్తుందన్నా అని. స్పోర్ట్స్ బండికి స్పీడు చూపే మీటరు పక్కన ఇంకో మీటరు ఉంటుంది. దాని చివర ఎర్ర గీత ఉంటుంది. అది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. దాని గురించి ఎవరూ అడగరు. నిజానికి చిన్న బండిలో ఉండే మజా అంతా ఆ రెండో మీటరులోనే ఉంది. బండికి ఏదైనా ముప్పు వచ్చేదీ అక్కడే. ఆ ఎర్ర గీతను ముందుకు జరపడమే పనిగా పెట్టుకుని బతికిన మనిషి సొయిచిరో హోండా.

ఆయన 1906 నవంబరు 17న జపాన్‌లోని షిజువొకా ప్రాంతంలో కొమ్యో అనే పల్లెటూళ్లో పుట్టారు. తండ్రి గిహెయ్ కమ్మరి. కొలిమి పని చేస్తూనే సైకిళ్లు బాగుచేసేవారు. తల్లి మికా మగ్గం నేసేది. ఇంట్లో డబ్బు లేదు గానీ సుత్తి, పట్టకారు, ఇనుప ముక్కలు ఎప్పుడూ చేతికి అందేవి. ఊళ్లోకి మొదటిసారి మోటారు కారు వచ్చినప్పుడు పిల్లవాడు దాని వెనక పరిగెత్తాడు. కారు ఆగినచోట నేల మీద కారిన ఆయిలు వాసన చూసి మురిసిపోయాడు. ఇంకోసారి హమమత్సు పట్నంలో విమానం ఎగురుతోందని తెలిసి, తండ్రికి చెప్పకుండా పెద్దవాళ్ల సైకిలు తీసుకుని వెళ్లాడు. లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు డబ్బులు చాలకపోతే చెట్టెక్కి చూశాడు.

బడిలో మాత్రం చదువు అంతంతమాత్రం. అక్కడి బళ్లలో ప్రోగ్రెస్ రిపోర్టు మీద తండ్రి సంతకానికి బదులు ఇంటిపేరు ముద్ర వేయించుకు రావాలి. మార్కులు చూపించే ధైర్యం లేక ఈ పిల్లవాడు సొంతంగా ముద్ర చెక్కుకుని వేసేసుకున్నాడు. అది పని చేసేసరికి స్నేహితులకీ చెక్కి ఇచ్చాడు. అక్కడే దొరికిపోయాడు. హోండా అనే ఇంటిపేరు వాళ్ల లిపిలో కుడి ఎడమలు ఒకేలా ఉంటుంది, తిరగేసి చెక్కక్కర్లేదు. మిగతా పిల్లల పేర్లు అలా కాదు కాబట్టి ముద్ర వేస్తే అక్షరాలు తలకిందులుగా, అద్దంలో చూసినట్టు పడ్డాయి. ఇది చదివి మన తమ్ముళ్లెవరూ ప్రయోగాలు చేయకండి. మన వార్డెన్ గారు అంతకంటే తొందరగా కనిపెడతారు.

1922లో, ఇక్కడ మన చింతపల్లి పోలీసు స్టేషను మీద సీతారామరాజు దాడి చేసిన అదే సంవత్సరం, పదిహేనేళ్ల హోండా టోక్యోలో ఆర్ట్ షోకాయ్ అనే కార్ల రిపేరు షాపులో పనికి చేరాడు. వెళ్లింది రెంచీ పట్టుకోవాలని. వాళ్లు చేతికిచ్చింది యజమానిగారి పసిబిడ్డని. చాలా నెలలు బిడ్డను ఎత్తుకుని షాపు ఊడ్చాడు. 1923 సెప్టెంబరు 1న టోక్యోని భూకంపం కూల్చింది, తర్వాత మంటలు అంటుకున్నాయి. షాపు కాలిపోయింది. పనివాళ్లలో ఎక్కువమంది సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. ఈ కుర్రవాడు యజమాని దగ్గరే ఉండి, కాలిపోయిన కార్లను మళ్లీ నడిపించే పని నేర్చుకున్నాడు. ఆ యజమాని యూజో సకకిబారా మంచి గురువు. రేసు కారు తయారు చేస్తుంటే పక్కన ఉండనిచ్చాడు. పాత విమానం ఇంజను బిగించిన ఆ కారు 1924 నవంబరులో రేసు గెలిచింది. అందులో పక్క సీటు మెకానిక్‌గా కూర్చున్నది పద్దెనిమిదేళ్ల హోండా.

1928లో గురువు అనుమతితో హమమత్సులో సొంత బ్రాంచి తెరిచారు. ఆ ఊరి గురించి ఒక మాట. మన కుర్రాళ్లు ఒకప్పుడు ప్రాణం పెట్టిన ఆర్‌ఎక్స్ 100 చేసిన యమహా, సమురాయ్ చేసిన సుజుకీ, ఈ హోండా, మూడు పేర్లూ ఆ ఒక్క హమమత్సు పట్నం నుంచి వచ్చినవే. వ్యాపారం బాగా సాగింది, రేసుల పిచ్చి కూడా సాగింది. 1936లో టోక్యో దగ్గర తమగావా ట్రాకు మీద తన కారు ముందు పోతుండగా ఇంకో కారు అడ్డం వచ్చి గుద్దుకుంది. ఆయనా, పక్కన కూర్చున్న తమ్ముడూ గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు.

తర్వాత ఆయన దృష్టి పిస్టన్ రింగుల మీద పడింది. మన మెకానిక్‌లు పొగ చూసి రింగులు పోయాయిరా అంటారు కదా, ఆ రింగులే. సిలిండర్లో పేలిన గ్యాసు కిందికి జారిపోకుండా ఆపేవి అవి. చూడటానికి వేలి ఉంగరం అంత తేలిక వస్తువు, చేయడం చాలా కష్టం. హోండా రాత్రింబగళ్లు పోత పోసినా రింగులు పెళుసుగా విరిగిపోయేవి. చివరికి ఒక ప్రొఫెసర్ దగ్గరికి ముక్క పట్టుకెళితే, లోహంలో సిలికాన్ తక్కువైందని తేల్చారు. ముప్పై ఏళ్ల వయసులో, పెళ్లయి, కింద పనివాళ్లు ఉన్న మనిషి, ఆ హమమత్సు సాంకేతిక పాఠశాలలో కుర్రాళ్ల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు. తనకు కావలసిన పాఠాలే వినేవాడు, పరీక్షలు రాసేవాడు కాదు. డిప్లొమా ఇవ్వమన్నారు. పాఠం వస్తే చాలు, కాగితం అక్కర్లేదనుకున్నాడు.

ఇక్కడ మేము ఒక మాట అడ్డం చెప్పాలి. ఈ కథ చెప్పి చదువు అక్కర్లేదనే వాళ్లు చాలామంది ఉన్నారు. హోండాకి అప్పటికే సొంత షాపు ఉంది. మనకి లేదు. సర్టిఫికెట్ లేకపోతే మనల్ని గేటు లోపలికి కూడా రానివ్వరు, ఇది మేము అనుభవించి చెబుతున్న మాట. ఆయన దగ్గర నేర్చుకోవలసింది పరీక్ష ఎగ్గొట్టడం కాదు, ముప్పై ఏళ్లకు మళ్లీ ఒకటో బెంచీలో కూర్చోవడం. అంతా నేర్చుకుని తీసుకెళ్లినా టొయోటా కంపెనీ పరీక్షించిన యాభై రింగుల్లో మూడే పాసయ్యాయి. మళ్లీ కొలిమి దగ్గరికే వెళ్లారు.

యుద్ధంలో బాంబులకు ఒక ఫ్యాక్టరీ పోయింది, 1945 జనవరిలో భూకంపానికి ఇంకోటి పోయింది. మిగిలింది టొయోటాకి అమ్మేసి ఒక ఏడాది ఖాళీగా గడిపారు. 1946లో హమమత్సులో ఒక రేకుల షెడ్డు వేసి మళ్లీ మొదలుపెట్టారు. సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడి వదిలేసిన చిన్న ఇంజన్లు కొని సైకిళ్లకు బిగించారు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి పైన్ చెట్ల వేళ్ల నుంచి తీసిన నూనె కలిపి నడిపేవారు. మొదట నడిపి చూసిన వాళ్లలో ఆయన భార్య సచీ ఒకరు. 1948 సెప్టెంబరులో హోండా మోటార్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడు టకేయో ఫుజిసావా వచ్చి చేరారు. డబ్బు, అమ్మకం ఫుజిసావా చూసుకున్నారు. ఇంజను హోండా చూసుకున్నారు. ఇద్దరూ చివరిదాకా ఆ గీత దాటలేదు.

ఇక మన అసలు విషయం, చుట్ల లెక్క, ఇక్కడ మొదలవుతుంది. 1951లో 146 సీసీ డ్రీమ్ ఇ బండి తయారైంది. నిమిషానికి 5,000 చుట్ల దగ్గర అయిదున్నర హార్స్‌పవర్. అది నిజంగా పనికొస్తుందా లేదా చూడటానికి జూలైలో, కుండపోత వానలో, హకోనే కనుమ ఎక్కించారు. మనకి లంబసింగి ఘాటీ ఎలాంటిదో వాళ్లకి హకోనే అలాంటిది. అప్పట్లో బళ్లు దాన్ని ఎక్కలేక మధ్యలో ఆగి ఇంజను చల్లార్చుకునేవి. కియోషి కవషిమా అనే కుర్ర ఇంజనీరు బండి తోలాడు. వెనక కారులో బయలుదేరిన హోండా, ఫుజిసావా అతణ్ణి అందుకోలేకపోయారు. పైకి వెళ్లేసరికి అతను బండి ఆపి వీళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ కుర్రవాడే తర్వాత రోజుల్లో కంపెనీకి రెండో అధ్యక్షుడయ్యాడు.

1954లో కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. సరిగ్గా అదే ఏడు ఆయన బ్రిటన్ దగ్గరి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ రేసులో గెలుస్తామని ప్రకటించారు. చూద్దామని అక్కడికి వెళితే, జర్మనీ వాళ్ల బళ్లు అదే సైజు ఇంజనుతో తమ బళ్లకి మూడింతల శక్తి ఇస్తున్నాయి. గుండె జారిపోయింది. తిరిగి వస్తూ చెయిన్లు, టైర్లు, కార్బురేటర్లు మోయగలిగినన్ని కొని మోసుకొచ్చారు. ఇంట్లో ఫుజిసావా బ్యాంకుల చుట్టూ తిరిగి కంపెనీని నిలబెట్టారు.

అదే సైజు ఇంజను మూడింతల శక్తి ఎలా ఇస్తుంది? దీనికి జవాబు తెలిస్తే మీ బండి మీకు అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. ఇంజను సైజు రేసు నిబంధనలు కట్టేస్తాయి. కాబట్టి అదే సమయంలో ఎక్కువసార్లు పేలాలి, అంటే ఎక్కువ చుట్లు తిరగాలి. చుట్లు పెంచితే ఏమవుతుంది? పిస్టన్ పైకి వెళ్లి ఆగి, కిందికి వచ్చి ఆగాలి. చుట్లు రెండింతలైతే దాన్ని ఆపి తిప్పే బలం నాలుగింతలు కావాలి. మూడింతలైతే తొమ్మిదింతలు. ఒక చోట కనెక్టింగ్ రాడ్ విరిగిపోతుంది. దానికంటే ముందే వాల్వులు మొరాయిస్తాయి. స్ప్రింగు వాల్వుని మూసేలోపే మళ్లీ తెరుచుకునే వేళవుతుంది. వాల్వు గాల్లోనే తేలుతుంది, పిస్టన్ వచ్చి దాన్ని కొడుతుంది. మీటరు మీద ఎర్ర గీత ఇంజనీరు సరదాకి వేసింది కాదు.

హోండా మనుషులు కనిపెట్టిన దారి, పెద్ద ముక్కను చిన్న ముక్కలు చేయడం. ఒక్క పెద్ద పిస్టన్‌కి బదులు నాలుగో ఆరో బుల్లి పిస్టన్లు. పొడుగు స్ట్రోకుకి బదులు పొట్టి స్ట్రోకు. రెండు పెద్ద వాల్వులకు బదులు నాలుగు చిన్న వాల్వులు. తేలికైన వస్తువుని తొందరగా ఆపి తిప్పవచ్చు. దీనికి మనకి తెలిసిన బండితోనే లెక్క వేసి చూశాం. పాత బుల్లెట్ 350 స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, 5,625 చుట్ల దగ్గర 18 హార్స్‌పవర్. అందులో పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 17 మీటర్లు. 1966లో హోండా చేసిన ఆరు సిలిండర్ల 250 సీసీ రేసు బండి ఆర్‌సీ 166 స్ట్రోకు 31 మిల్లీమీటర్లే. అది 18,000 చుట్లు తిరిగేది, 60 హార్స్‌పవర్ దాకా ఇచ్చేది. దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 18.6 మీటర్లు. చూశారా, చుట్లు మూడింతలు దాటినా పిస్టన్ పరుగు ఇంచుమించు అంతే. పులిలా పరిగెత్తలేదు, చీమలా గబగబా అడుగులు వేసింది.

అక్కడికి ఒక్కరోజులో చేరలేదు. 1958లో వచ్చిన 50 సీసీ సూపర్ కబ్, ఊళ్లో పాలవాడు కూడా నడపగలిగే బండి, 9,500 చుట్ల దగ్గర నాలుగున్నర హార్స్‌పవర్ ఇచ్చింది. ఆ రోజుల్లో అలాంటి మామూలు బండికి ఆ లెక్క విని నమ్మినవాళ్లు తక్కువ. 2017 నాటికి ఆ కుటుంబం బళ్లు పది కోట్లు తయారయ్యాయి. 1959లో మొదటిసారి టీటీకి వెళ్లి 125 సీసీలో ఆరు, ఏడు, ఎనిమిది, పదకొండు స్థానాల్లో వచ్చి టీమ్ బహుమతి తెచ్చుకున్నారు. 1961లో మైక్ హెయిల్‌వుడ్ 125, 250 రెండూ గెలిచాడు. రెండింటిలోనూ మొదటి అయిదు స్థానాలూ హోండావే. 1966లో 50 నుంచి 500 సీసీ దాకా అయిదు తరగతుల్లోనూ తయారీదారుల టైటిల్ ఈ కమ్మరి కొడుకు కంపెనీదే. ఆ ఏటి 50 సీసీ బండికి రెండు సిలిండర్లు, తొమ్మిది గేర్లు, 20,000 పైన చుట్లు. ఒక్కో పిస్టన్ 25 సీసీ, అంటే మన మందు సీసా మూతల్లో రెండు మూడింటికి సరిపడా చోటు. తర్వాత నిబంధనలే మార్చి, చిన్న తరగతుల్లో సిలిండర్లకూ గేర్లకూ హద్దు పెట్టారు.

మన దగ్గరికి వద్దాం. 1984లో హీరో హోండా కంపెనీ పెట్టి, 1985లో సీడీ 100 దించారు. 1999లో సీబీజెడ్ వచ్చింది, 156.8 సీసీ, 8,000 చుట్ల దగ్గర 12.8 హార్స్‌పవర్. మాలో కొందరికి మొదటి జీతం దాని కంతులకే పోయింది. 2011లో హోండా సీబీఆర్ 250 ఆర్ వచ్చింది, 8,500 దగ్గర దాని పూర్తి బలం. తర్వాత వచ్చిన సీబీఆర్ 150 ఆర్‌ది ఇంకా పైన, 10,500 దగ్గర. ఇలాంటి బండి మీద డౌనూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే విషయం తెలుస్తుంది. నాలుగు వేల చుట్ల దగ్గర గేరు మారిస్తే బండి ఈడుస్తుంది, లారీ పొగ తింటూ వెనకే పోవాలి. అదే గేరులో ఏడు, ఎనిమిది వేలకి తీసుకెళ్లండి, బండి గొంతు మారుతుంది, మలుపు మలుపుకీ చేతిలో బలం ఉంటుంది. స్పీడు ముల్లు చూస్తే యాభై కూడా ఉండదు. పెద్ద బళ్లకి ఈ అదృష్టం లేదు. వాటి బలంలో సగం వాడేలోపే చలానా పడే స్పీడు దాటిపోతుంది. చిన్న బండిని పూర్తిగా వాడుకోవచ్చు.

అయితే ఎర్ర గీత దగ్గర ఇంజనుని ఆపే రెవ్ లిమిటర్ ఉందిగా, ఇంకేం భయం అనుకుంటారు. అది నిప్పు రవ్వనో పెట్రోలునో కట్ చేస్తుంది, అంతే. ఎక్కేటప్పుడు కాపాడుతుంది. దిగేటప్పుడు వేగంలో ఉండగా పొరపాటున రెండు గేర్లు కిందికి తొక్కితే, వెనక చక్రమే ఇంజనుని తిప్పేస్తుంది. అప్పుడు పెట్రోలు ఆపినా రవ్వ ఆపినా లాభం లేదు, ముల్లు గీత దాటే పోతుంది, లేదా చక్రం పట్టేసి బండి జారుతుంది. ఇంకొందరు పెట్రోలు ఆదా అని న్యూట్రల్ వేసి దిగుతారు. మా బ్యాచ్‌లో ఒకడు అలాగే దిగాడు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. ఈసారి వార్షికోత్సవానికి కర్ర పట్టుకుని వస్తాడు, మీరే అడగండి, చెబుతాడు. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే సగం బ్రేకు.

హోండా గారు కూడా గీత దాటిన రోజులున్నాయి. అది దాచి రాస్తే ఆయనకే మర్యాద కాదు. 1965 అక్టోబరులో మెక్సికోలో రిచీ గింథర్ నడిపిన హోండా కారు ఫార్ములా వన్ రేసు గెలిచింది, పన్నెండు సిలిండర్ల చిన్న ఇంజను. ఆ ఊపులో ఆయనకి ఒక పట్టుదల వచ్చింది. ఇంజనుని గాలితోనే చల్లార్చాలి, నీళ్లు అక్కర్లేదని. 1968లో గాలితో చల్లారే కొత్త కారు తయారైతే, జట్టులోని అనుభవం ఉన్న డ్రైవరు జాన్ సర్టీస్ అది ఇంకా సిద్ధం కాలేదని నడపనన్నాడు. జూలై 7న ఫ్రాన్స్‌లోని రూఆన్‌లో, వానలో, జో ష్లెసర్ అనే డ్రైవరు నడిపాడు. మొదటి చుట్లలోనే కారు అదుపు తప్పి మంటల్లో పోయింది, మనిషి దక్కలేదు. ఆ సంవత్సరం చివర హోండా ఆ రేసుల నుంచి తప్పుకుంది.

అప్పటికీ ఆయన పట్టు వదల్లేదు. మామూలు కారు 1300 కూడా గాలితోనే చల్లార్చాలన్నారు. కారు బరువెక్కింది, ఖరీదెక్కింది. కుర్ర ఇంజనీర్లు ఎదురు చెప్పలేక విసిగిపోయారు. ఒకాయన పనికి రావడమే మానేశాడు. ఆయన కోపం కూడా అలాంటిది, షాపులో చేతికి దొరికిన పనిముట్టు విసిరేవారు, పనివాళ్లని కొట్టిన సందర్భాలు ఉన్నాయి, తర్వాత బాధపడేవారు. ఇది మేము సమర్థించం. చివరికి ఫుజిసావా కల్పించుకుని, మీరు కంపెనీ అధ్యక్షుడిగా ఉంటారా, ఇంజనీరుగా ఉంటారా తేల్చుకోమని అడిగారు. హోండా కాసేపు ఆలోచించి, అధ్యక్షుడిగానే ఉంటానని, నీళ్ల ఇంజను చేసుకోమని ఒప్పుకున్నారు. జీవితమంతా ఎదుటివాడి హద్దు చెరిపిన మనిషి తన హద్దు తాను ఒప్పుకున్న రోజది. ఇరవై వేల చుట్ల కంటే మాకు ఆ రోజే పెద్దదిగా కనిపించింది.

ఆ నీళ్ల ఇంజను నుంచే 1972లో సీవీసీసీ వచ్చింది. అమెరికా పెట్టిన కఠినమైన పొగ నిబంధనలను అందుకున్న ఇంజను అది. పెద్ద కంపెనీలను దాటేశామని హోండా సంబరపడితే, కుర్ర ఇంజనీర్లు మేము చేసింది పోటీ కోసం కాదు, పిల్లలు పీల్చే గాలి కోసమని అన్నారు. తన కాలం అయిపోయిందని ఆయనకి అర్థమైంది. 1973లో ఆయనా ఫుజిసావా కలిసే పదవి దిగిపోయారు. కొడుకుని కంపెనీలోకి రానివ్వలేదు.

తర్వాత దేశమంతా తిరిగి ఫ్యాక్టరీలకి, ఊళ్లలోని డీలర్ల దగ్గరికి వెళ్లి పనివాళ్లకు కృతజ్ఞత చెప్పుకున్నారు. ఒకచోట ఒక కుర్రవాడు చేతికి గ్రీజు ఉందని చెయ్యి వెనక్కి తీసుకుంటే, ఆయన ఆ చేతినే పట్టుకుని ఊపారు. ఆయన ఎడమ చెయ్యి నిండా మచ్చలే. కుడిచెయ్యి సుత్తి పట్టుకున్నప్పుడు దెబ్బ తినేది ఎడమ చెయ్యే కదా.

1990లో జపాన్‌లో హోండా సీబీఆర్ 250 ఆర్‌ఆర్ అనే నాలుగు సిలిండర్ల బండి దించింది. రేసు బండి కాదు, మామూలు కుర్రాళ్లు కొనుక్కునే 250 సీసీ. దాని ఎర్ర గీత 19,000 దగ్గర మొదలయ్యేది. ఆ మరుసటి ఏడు, 1991 ఆగస్టు 5న, ఎనభై నాలుగేళ్ల వయసులో హోండా కన్నుమూశారు. కంపెనీ తరఫున పెద్ద అంత్యక్రియలు వద్దని ఆయన ముందే చెప్పి ఉంచారు. బళ్లు చేసి బతికినవాడు తన చావుతో రోడ్డు మీద ట్రాఫిక్ ఆపకూడదని ఆయన ఉద్దేశం. ఇంటివాళ్లు కొద్దిమందితోనే ఆ కార్యం జరిపించారు.

– పూర్వ విద్యార్థులు, బలిఘట్టం